లిమోజు పట్టణము – పింగాణీ పరిశ్రమ

విద్యార్థులారా! ఇంటికి పెద్దలు వచ్చినపుడు బీరువానుండి జాగ్రత్తగా దింపెడి పింగాణీ కప్పులను మీరు చూచియుందురు. కప్పు పగిలినచో చీవాట్లు తప్పవు. కాని యా తెల్లని పాత్ర యే మట్టితో, ఎవరి చేతులమీదుగా తయారగునో విచారించువారు తక్కువ. ఈ సంగతి నెఱుగగోరువారు ఫ్రాన్సు దేశమున వియెన్ నదియొడ్డున నున్న లిమోజు పట్టణమును దర్శింపవలెను.

పారిసునుండి దక్షిణముగా సుమారు 400 కిలోమీటర్లు రైలులో పోయినచో లిమోజు చేరుదుము. 1929 లో తెఱవబడిన యచ్చటి స్టేషను పట్టాల ప్రక్కను గాక పట్టాలమీదనే కట్టబడినది. దాని గుమ్మటమును, గడియారపు గోపురమును దూరమునకే కానవచ్చును. పట్టణము మిక్కిలి ప్రాచీనమైనది. రోమీయులు దీనిని అగుస్టోరిటుమ్ అని పిలిచిరి. ఇచ్చటి సెయింట్ ఎతియెన్ దేవాలయ నిర్మాణము 1273 లో నారంభమై 1888 లో ముగిసినది. ఆఱు వందల యేండ్లకు పైబడిన యోర్పు ఆ రాళ్లలో గలదు.

పింగాణీకంటె ముందు ఈ యూరికి కీర్తి తెచ్చినది ఎనామెల్ పని. 12వ శతాబ్దమునాటి పనివారు రాగిరేకున గుంటలు చెక్కి, వానిలో రంగుల గాజుపొడి నింపి, నిప్పులో కరగించి చిత్రములు చేసిరి. 16వ శతాబ్దమున లెయోనార్ లిమోజెన్ అను శిల్పి యీ విద్యచేత రాజాస్థానమున మన్నన పొందెను. దేవాలయము చెంతనున్న పూర్వపు బిషపుగారి భవనము నేడు మ్యూజియము. అందు ఆ రంగులు నేటికిని చెదరక మెఱయుచున్నవి.

ఇక పింగాణీ కథ వినుడు. 1768 ప్రాంతమున, లిమోజునకు దక్షిణమున నున్న సెంతిర్యే గ్రామములో ఒక శస్త్రవైద్యుని భార్య బట్టలుదుకుటకు మెత్తని తెల్లమన్ను వాడుచుండెనట. భర్త దానిని పరీక్షకు పంపగా, పింగాణీకి ప్రాణమైన కేయోలిన్ అను మన్ను అదియేయని తేలెను. 1771 లో లిమోజున కర్మాగారము వెలసెను.

పని యిట్లు జరుగును. సగము కేయోలిన్, తక్కిన సగము పలుగురాతిపొడియు ఫెల్డ్‌స్పార్ పొడియు నీటితో కలిపి, అచ్చులలో పోసియో సారెపై త్రిప్పియో పాత్ర చేయుదురు. ఆరిన పాత్రను ఇంచుమించు 1000 డిగ్రీల వేడిని ఒకసారి కాల్తురు. తరువాత గాజుపూత పూసి 1400 డిగ్రీల వేడిని మరల కాల్తురు. ఆ వేడికి పాత్ర కుదించుకొనిపోవును. అందుచే మొదటనే కొంత పెద్దదిగా చేయవలెను. రంగులును బంగారపు గీతలును వేసిన పిమ్మట మఱియొక కాల్పు గలదు. ఏ యంచెలో చిన్న బీట వచ్చినను అంతవఱకు పడిన శ్రమ వ్యర్థము. మేలైన పాత్రను వెలుతురున కెత్తి పట్టినచో వెనుకనున్న వ్రేళ్ల నీడ కానవచ్చును. ఒకప్పుడు ఆవములకు కావలసిన కట్టెలను వియెన్ నదిలో తేల్చి తెచ్చెడివారు. నాటి పెద్ద యావములలో కాసో అనుచోటనున్న దొకటి నేటికిని నిలిచియున్నది.

ఈ యందమునకు చెల్లిన మూల్యమును మఱవరాదు. పలుగురాతి ధూళి యెందఱో పనివారి ఊపిరితిత్తులను పాడుచేసినది. 1905 లో, స్త్రీలయెడ అనుచితముగా ప్రవర్తించిన యొక మేస్త్రీని తొలగింపుమని పనివారు సమ్మె చేసిరి. యజమానులు కర్మాగారములు మూసివేయగా అల్లరులు చెలరేగెను. ఏప్రిల్ 17వ తేదీన సైనికులు కాల్పులు జరిపిరి. కమీయ్ వార్దెల్ అను 19 ఏండ్ల పింగాణీ పనివాడు మరణించెను.

1841 లో నీ పట్టణముననే జన్మించిన రెన్వార్, పదుమూడవయేట పారిసులో పింగాణీపై పువ్వులు చిత్రించు కూలివాడుగా జీవితము నారంభించి, లోకప్రసిద్ధుడైన చిత్రకారుడయ్యెను. 2017 లో యునెస్కో సంస్థ లిమోజును చేతిపనుల సృజనాత్మక నగరముగా గుర్తించినది. అద్రియెన్ దుబూషె పేర వెలసిన మ్యూజియమున నానాదేశముల మట్టిపాత్రలును, పింగాణీయు చూడదగినవి.

లిమోజు కప్పును బోర్లించినచో అడుగున ఊరిపేరు ముద్రించియుండును. మన్ను త్రవ్వినవాని పేరుగాని, ఆవము కాచినవాని పేరుగాని అందుండదు. కనుక, బాలబాలికలారా, చక్కని వస్తువు చేత పట్టినపుడెల్ల ఆ పేరులేని చేతులను తలపోయుడు. మన యూరి కుమ్మరి సారెయొద్ద నిలిచినపుడును ఆ గౌరవమునే చూపుడు.