సగటుతో సర్దుకోకు, దారి వెతుకు

ఎల్బీనగర్

తమ్మీ,

ఇన్వర్టర్‌కు లోడు పెట్టగానే నీ బోర్డు బ్యాటరీ వోల్టేజీని మల్టీమీటర్ కన్నా అర వోల్టు ఎక్కువ చూపిస్తోందని రాశావు. ప్రోగ్రాంలో వంద రీడింగుల సగటు తీస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. సగటు వల్ల అంకెల ఊగిసలాట తగ్గుతుంది గానీ, ఒక పక్కకే జరిగిపోయిన కొలత వెనక్కి రాదు. ఇన్వర్టర్ మాస్‌ఫెట్ స్విచ్ అయినప్పుడల్లా పుట్టే స్పైకులను నీ బోర్డులోని ఎల్‌ఎం358 ఆప్ ఆంప్ అందుకోలేదు. దాని అవుట్‌పుట్ మారే వేగం మైక్రోసెకనుకు 0.3 వోల్టుల దగ్గరే. అలాంటి స్పైకులు ఇన్‌పుట్‌లో దూరితే లోపలి ట్రాన్సిస్టర్లు వాటిని రెక్టిఫై చేసి డీసీ తేడాగా మార్చేస్తాయి.

అవి ఏ దారిన వస్తున్నాయో ముందు తేల్చుకో. పాజిటివ్ సెన్స్ తీగను బ్యాటరీ నుంచి విప్పి, నెగటివ్ సెన్స్ తీగతో కలిపి, రెండింటినీ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కే బిగించు. లో బ్యాటరీ కటాఫ్‌ను ఆ కాసేపు ప్రోగ్రాంలో ఆపి, లోడుతో నడిపించు. రీడింగ్ సున్నా దగ్గర ఉండాలి. లేదంటే కొలవాల్సిన వోల్టేజీ లేకుండానే బోర్డు ఏదో కొలుస్తున్నట్టు.

అప్పుడు గ్రౌండ్ చూడు. 40 ఆంపియర్లు పారే తీగలో 5 మిల్లీఓములున్నా 0.2 వోల్టులు పడిపోతాయి. నెగటివ్ సెన్స్ తీగ మాస్‌ఫెట్ దగ్గర కాదు, నేరుగా టెర్మినల్ దగ్గరే మొదలవ్వాలి. రెండు సెన్స్ తీగలనూ మెలిపెట్టి తీసుకురా.

తర్వాత రెసిస్టర్లు. గెయిన్ ఒకటి ఉన్న డిఫరెన్స్ ఆంప్లిఫయర్‌లో ఒక శాతం రెసిస్టర్లు వాడితే, రెండు ఇన్‌పుట్‌ల మీదా ఒకేలా వచ్చే నాయిస్‌లో యాభయ్యో వంతు దాకా అవుట్‌పుట్‌కు వస్తుంది. 0.1 శాతానివి వేస్తే అది ఐదువందలో వంతు. ఒక్కో ఇన్‌పుట్ రెసిస్టర్‌ను రెండుగా విడగొట్టి మధ్య నుంచి గ్రౌండ్‌కు కెపాసిటర్ పెట్టు, ఐసీ కాళ్ల మీద నేరుగా వద్దు. అలా గ్రౌండ్‌కు వేసే రెండు కెపాసిటర్లు సరిగ్గా సమానంగా దొరకవు, ఆ తేడాయే కొత్త నాయిస్ అవుతుంది. అందుకే వాటికి పదింతల కెపాసిటర్ ఒకటి రెండు లైన్ల మధ్య వెయ్యి. ఏడీసీ శాంపిల్‌ను పీడబ్ల్యూఎం అంచులకు దూరంగా, పల్సు మధ్యలో తీసుకో.

స్కోప్‌తో చూసేటప్పుడు పొడవాటి గ్రౌండ్ క్లిప్ తీసెయ్. అదే స్పైకుల్ని పట్టుకుని లేని తప్పును చూపిస్తుంది. దాని బదులు ప్రోబ్ మొన పక్కనుండే గ్రౌండ్ రింగుకు చిన్న స్ప్రింగ్ తగిలించు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి, గుజరాతీ గల్లీలో ఎల్‌ఎం358 బదులు ఖరీదైన ఐసీ కొనే ముందు, ఆ సున్నా రీడింగ్ లోడుతో ఎంత, లోడు లేకుండా ఎంత అన్నది రాసి పంపు.

ఇట్లు,
నీ అన్న