ఆరోగ్య ప్రశ్నలు – జవాబులలోని దోషములు

జ్వరమును కొలుచుటకు ధర్మామీటరు కలదు. దిగులును కొలుచుటకు అట్టి సాధనము లేదు. కావున ఆరోగ్య కార్యకర్తలు గడచిన రెండు వారములలో దిగులు ఎన్ని దినములు కలిగినదో అడిగి, జవాబునకు 0 మొదలు 3 వరకు అంకె వేయుదురు. ఇట్టి ప్రశ్నలన్నిటి అంకెల మొత్తమును బట్టి ఎవరికి వైద్యుని పరీక్ష అవసరమో నిర్ణయింతురు. అంకె తప్పినచో రోగి మరుగున పడిపోవును.

ఈ తప్పులు రెండు విధములు.

మొదటిది జవాబు చెప్పువారి అలవాటు. కొందరు మర్యాద కొఱకు అన్నిటికిని "అవునండి" అందురు. కొందరు ఎటును తేల్చక నడిమి జవాబునే పట్టుకొందురు. మరికొందరు "చాలా ఎక్కువ", "అసలు లేదు" అను కొసలనే ఎన్నుకొందురు. ఇట్టి అలవాట్లు ఫలితములను చెఱచునని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లీ క్రోన్‌బాక్ 1946లోనే హెచ్చరించెను.

రెండవది ప్రశ్నలోని దోషము. "మీకు ఏడుపు వచ్చుచున్నదా?" అని అడిగినచో, దిగులు సమానముగా నున్నను, స్త్రీలు ఒప్పుకొన్నంతగా పురుషులు ఒప్పుకొనరు. మగవాడు ఏడువరాదను కట్టుబాటు నోటికి అడ్డుపడును. అట్టి ప్రశ్న ఇరువురిని ఒకే కొలబద్దతో కొలువజాలదు.

ప్రాంతమును బట్టియు జవాబులు మారును. 2002లో అమర్త్యసేన్ ఒక వింతను చూపెను. ఆయుర్దాయమున ముందున్న కేరళలో జబ్బు ఉన్నదని చెప్పినవారు ఎక్కువ. ఆయుర్దాయము తక్కువైన బీహారులో అట్లు చెప్పినవారు చాల తక్కువ. చదువు, వైద్యము అందినవారు జబ్బును గుర్తింతురు. అందనివారు బాధను సహజమనుకొందురు. ఈ జవాబులనే నమ్మి ఆసుపత్రులు కట్టినచో, అవి మిక్కిలి అవసరమున్న చోటికి చేరవు.

కావున ప్రశ్నించువారు "ఎక్కువా, తక్కువా" అనుటకు మారుగా "ఎన్ని దినములు?" అని అడుగవలెను. కొన్ని ప్రశ్నలు బాధను గూర్చియు, కొన్ని సంతోషమును గూర్చియు ఉండవలెను. అన్నిటికిని ఒకే జవాబు వచ్చినచో మరల నెమ్మదిగా అడుగవలెను.

ప్రజలును కొన్ని విషయములు గమనింపవలెను. ఇది పరీక్ష కాదు. మంచి జవాబు, చెడ్డ జవాబు అనునవి లేవు. అర్థము కాని ప్రశ్నను మరల చెప్పుమని కోరవచ్చును. భార్యకు బదులు భర్తయు, అత్తకు బదులు కోడలును జవాబు చెప్పరాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పిన మాటయే తగిన వైద్యమునకు దారి చూపును.