లోహానికి కాపలా కాసే పొర

లోహం గాలితో, నీటితో, ఆమ్లాలతో తేలిగ్గా కలిసిపోకుండా దాని ఉపరితలాన్ని సిద్ధం చేయడాన్ని రసాయన శాస్త్రంలో 'పాసివేషన్' అంటారు. అంటే లోహానికి నిష్క్రియ స్థితి కల్పించడమన్నమాట. పేరు కొత్తగా తోచినా, ఇలాంటి రక్షణ మన వంటింటికి పాతదే.

మా సిద్దిపేట వైపు ఇత్తడి గంజులకు కళాయి పోయించడం పెద్దలకు బాగా తెలిసిన పని. గంజును తోమి, వేడిచేసి, నవసాగరం చల్లుతారు. అది లోహం మీది ఆక్సైడును తొలగిస్తుంది. ఆపైన 232 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరిగే తగరాన్ని వేసి, దూదితో లోపలంతా రుద్దుతారు. "కళాయి పోయిన గంజుల పులుసు పెట్టకు బిడ్డా" అని మా నాయనమ్మ అనేది. ఆ మాటలో శాస్త్రం లేకపోలేదు. చింతపండులోని ఆమ్లం, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఇత్తడిలోని రాగిని కరిగిస్తాయి. ఆ పులుసు తింటే కడుపునొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. తగరంలో సీసం కలిసిందా, పసిపిల్లలకు మరీ ప్రమాదం.

అయితే కళాయి పైనుంచి కప్పిన పరాయి పొర. అసలు పాసివేషన్‌లో లోహమే తన పొరను తాను కప్పుకుంటుంది. 1836లో షోన్‌బైన్ అనే శాస్త్రజ్ఞుడు ఇనుముపై తాను చూసిన వింతను ఫారడేకు రాశాడు. సజల నత్రికామ్లంలో ఇనుము బుసబుసమంటూ కరుగుతుంది. గాఢ నత్రికామ్లంలో వేస్తే ఊరకుంటుంది! అందులో ముంచి తీసిన ముక్క సజల ఆమ్లంలోనూ చలించదు. దాన్ని గీకితే మాత్రం మళ్ళీ కరగడం మొదలు. కంటికి కనబడని ఆక్సైడు పొరే దీనికి కారణం.

స్టెయిన్‌లెస్ స్టీలు రహస్యమూ ఇదే. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. దాని ఆక్సైడు పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. గీత పడినా గాలి తగిలితే పొర తిరిగి ఏర్పడుతుంది. కర్మాగారాలలో స్టీలు వస్తువులను నత్రికామ్లంతో గాని సిట్రిక్ ఆమ్లంతో గాని కడుగుతారు. తయారీలో అంటుకున్న ఇనుప రేణువులు పోయి, పొర చక్కగా కుదురుకుంటుంది.

ఈ కాపలాకూ హద్దులున్నాయి. ఉప్పునీరు నిలవ ఉంటే స్టీలుకు సన్నని గుంటలు పడతాయి. అల్యూమినియం పొరను పులుపూ కరిగిస్తుంది, సోడా క్షారమూ కరిగిస్తుంది. కనుక పచ్చడిని, పులుసును జాడీలోనో గాజుసీసాలోనో ఉంచండి. కళాయి అరిగి లోపల పసుపురంగు తేలితే, ఆ గంజును మళ్ళీ కళాయి పడేదాకా పొయ్యి ఎక్కించకండి.