సముద్రం వైపు కిటికీ

అనకాపల్లి

బుజ్జీ,

మీ పెదనాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, విసుగు తగ్గలేదు.

నీ కొత్తింటి సంగతి మీ అమ్మ చెప్పింది. హాల్లో సముద్రం వైపు ఎనిమిదడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తున ఒకే అద్దం బిగిస్తావట. తెరిచేందుకు రెక్కే లేదట! ఏ సినిమాలో చూశావే? సరే, కోప్పడనులే. విశాఖపట్నంలో ఇల్లు కట్టుకుని సముద్రానికి వీపు పెట్టుకోమని నేనెందుకు చెప్తాను? పెట్టించుకో. కాకపోతే నా మాట కూడా కాస్త విను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు హైదరాబాదులో హాస్టల్లో ఉన్నావు. ఫోటోలు చూసి ఏడ్చావు గానీ, విశాఖలో నడిచి చూడలేదు. కైలాసగిరి మీద పచ్చటి ఆకు లేదు. విమానాశ్రయమంతటిదే దెబ్బతింది. వీధుల్లో చెప్పుల కింద గాజు ముక్కలు కరకరలాడాయి. మీ చిన్నత్త వాళ్లింట్లో అద్దం పగల్లేదు, ఫ్రేముతో సహా గోడలోంచి ఊడి సోఫా మీద పడింది. అందుకే చెప్తున్నా, అద్దం కంటే ముందు ఫ్రేము గోడకు ఎలా బిగిస్తున్నారో దగ్గరుండి చూడు. ఎనిమిది మిల్లీమీటర్ల మందమైతే నీ అద్దం ఒక్కటే దాదాపు 75 కిలోలు తూగుతుంది తల్లీ!

టఫెన్డ్ అద్దం పగిలితే గులకల్లా రాలిపోతుంది. పెద్ద గాయాలు కావు, నిజమే. కానీ గాలీ వానా నేరుగా ఇంట్లోకి వస్తాయి. లామినేటెడ్‌కి మధ్యలో పొర ఉంటుంది కాబట్టి పగిలినా ముక్కలు దాన్నే అంటుకుని ఉంటాయి. డబ్బు ఎక్కువైనా అదే తీసుకో, మార్బుల్లో తగ్గించుకో. ఇంకోటి, ఒకవేళ టఫెన్డే తీసుకుంటే, ఒకసారి తయారయ్యాక దాన్ని ఎవరూ కోయలేరు. ఫ్రేము నిలబెట్టాకే కొలత ఇవ్వు. మేస్త్రీ తొందరపెడతాడు, పెట్టనీ.

అసలు నా బాధ వేరు. సముద్రం పక్కన ఉండి గాలి రానివ్వకపోతే ఎలాగే? మధ్యాహ్నం ఎండకి ఒళ్లు మండుతుంటే నీళ్ల మీంచి వచ్చే గాలే కదా మనకు దిక్కు. మధ్య అద్దం అలాగే ఉంచి, అటూ ఇటూ రెండడుగుల రెక్కలు తెరుచుకునేలా పెట్టించు. వాటికి దోమల జాలీ మర్చిపోకు. ఆ రెక్కల్లోంచి పొడుగు కర్ర బ్రష్షు చాస్తే బయటి అద్దం కూడా తుడుచుకోవచ్చు. ఉప్పు పొర పట్టి వారానికే మసకబారుతుంది, ముందు మంచినీళ్లు పోసి ఆ తర్వాత గుడ్డ పెట్టు. ఇనుప గ్రిల్లు అక్కడ నిలవదు. యూపీవీసీ ఫ్రేము తుప్పు పట్టదు గానీ, దాని బందులూ స్క్రూలూ పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడుగు.

ఇక అలంకరణ. వెల్వెట్ కర్టెన్లు చూసుకున్నావని విన్నాను. వద్దమ్మా! సముద్రపు తేమకి బూజు వాసనొస్తాయి. రెండు వరసలు పెట్టు. అద్దం వైపు పల్చటి తెల్ల నూలు, ఇవతల కాస్త మందపాటిది. పగలు నువ్వు బయటికి చూస్తావు, రాత్రి లైటు వేశాక వీధంతా నిన్ను చూస్తుంది, అందుకని. రాడ్డు కిటికీ కంటే రెండు వైపులా అడుగున్నర ఎక్కువ ఉండాలి, తెర తీస్తే గోడ మీదికి పోవాలి గానీ అద్దాన్ని మూయకూడదు. గంటలూ గవ్వల దండలూ అక్కడ వేలాడదీయకు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని దానికి తోరణాలెందుకు? కింద గట్టు మాత్రం వెడల్పుగా పోయించు, నాకు కూర్చోడానికి.

రాడ్డు కొలత అడుగుల్లో రాసి పంపు. పొందూరు వెళ్లే పని ఉంది, తెల్ల గుడ్డ నేనే తెస్తాను.

మీ పెద్దమ్మ