దివిసీమ పటము – దానిలో కనబడు ఆకారములు

భూగోళపాఠము చెప్పువారందఱును ఎఱిగిన సంగతి యొకటి కలదు. ఒక దేశపు సరిహద్దు రేఖను నల్లబల్లపై గీచి, పేరు చెప్పక, "ఇది యేమి?" యని యడిగినచో, పిల్లలు దేశముపేరు చెప్పుటకు ముందు ఒక వస్తువు పేరు చెప్పుదురు. ఇటలీ బూటు, సింహళము మామిడికాయ. ఇది పాఠము గాదు, ఆట యని కొందఱు ఉపాధ్యాయులు కసరుదురు. నేను కసరను. తెలియని దానిని తెలిసిన దానితో పోల్చి పట్టుకొనుట బుద్ధికి సహజము. అదియుగాక, ఎవరు దేనితో పోల్చిరో చూచినచో, ఆ దేశమును గూర్చి కాకపోయినను పోల్చినవారిని గూర్చి కొంత తెలియును.

సింహళమునే తీసికొందము. మనకది మామిడికాయ, మఱికొందఱికి ముత్యము, కన్నీటిబొట్టు. పదునేడవ శతాబ్దమున ఆ ద్వీపతీరములను ఏలిన డచ్చివారికి మాత్రము అది ఉప్పువేసి యారబెట్టిన పందితొడవలె గనబడెను. (మచిలీపట్టణములోని వలందపాలెము వీరిపేరనే వెలసినది.) 1658లో వారు యాఴ్పాణమును పట్టుకొనిరి. ఆ ప్రాంతమున సముద్రమధ్యముననున్న చిన్నకోటకు హామెన్‌హీల్ అని పేరుపెట్టిరి. తొడయొక్క మడమ యని దానికి అర్థము. మామిడితోట యెఱుగని వానికి మామిడికాయ యెట్లు తోచును? ఎవరి వంటయింటిలో నున్నది వారికి గనబడినది.

1581వ సంవత్సరమున బ్యూంటింగ్ అను జర్మను పాదిరిగారు వేదగ్రంథములోని ప్రయాణములను గూర్చి యొక పుస్తకము ప్రకటించిరి. అందు లోకమంతయు మూడురేకుల ఆకువలె నుండును. రేకులు కలియుచోట యెరూషలేము. ఆసియాఖండము రెక్కల గుఱ్ఱము, ఐరోపా కిరీటము ధరించిన రాణి. ఆయనకు భూగోళము తెలియక కాదు. ఆ పుస్తకములోనే మామూలు పటము కూడ కలదు. తాను పోల్చుచున్నానని ఆయన యెఱిగియే పోల్చెను. పోలికకును నిజమునకును గల యెడము మఱచినప్పుడే చిక్కు.

ఇక మన దివిసీమకు వత్తము. దివి యనుమాట ద్వీపశబ్దమునుండి వచ్చినదే. కృష్ణానది పులిగడ్డ దగ్గఱ రెండుగా చీలును. ఒకపాయ తూర్పుగా సాగి హంసలదీవి వద్ద సముద్రములో గలియును. పెద్దపాయ దక్షిణముగా నడచి, నాగాయలంక దాటిన పిమ్మట మరల చీలి కడలి చేరును. ఈ పాయలకును సముద్రమునకును నడుమ నున్నదే దీవి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఇందలి ముఖ్యగ్రామములు. పులిగడ్డవద్ద ఏటిపాయమీదుగా కట్టిన నీటివంతెనపై కాలువనీరు దీవిలోనికి వచ్చి వరిపొలములకు పాఱును.

ఎనిమిదవ తరగతిలో ఈ దీవిరేఖను పేరు చెప్పక బల్లపై వ్రాసితిని. ఒకడు గొడ్డలి యనెను. ఒకడు చేట యనెను: ఉత్తరమున సన్నము, సముద్రమువైపు వెడల్పు. మఱియొకడు లేచి, పటము తలక్రిందుగా నున్నదనియు, తిప్పిచూచినచో తాటాకు విసనకఱ్ఱ యనియు చెప్పెను. పిడి యేది యని యడిగితిని. "ఏరేనండి పిడి" యనెను. నాకు ఈ యుత్తరమే మిక్కిలి నచ్చినది. ఏలయన, ఆ యేరే తెచ్చిపోసిన ఒండ్రుతో ఆ దీవి యేర్పడినది. పిడినుండియే విసనకఱ్ఱ పుట్టినదన్నమాట.

తలక్రిందు మాట వచ్చినది గనుక ఒక వింత చెప్పెదను. నదీముఖమున నేర్పడు త్రికోణపు నేలను డెల్టా యందురు. నైలునది ముఖమును తమ లిపిలోని డెల్టా యను నక్షరముతో గ్రీకులు పోల్చిరి. ఆ యక్షరమునకు కొన పైన, పీట క్రింద. కాని నైలు ఉత్తరముగా బాఱును గనుక, మన పటములలో దాని కొన క్రిందనే యుండును. దక్షిణమును పైన పెట్టి చూచినగాని అక్షరము నిలువదు. ఉత్తరము పైన నుండవలెనన్నది మనము పెట్టుకొన్న కట్టుబాటేగాని సృష్టికర్త పెట్టిన నియమము కాదు. 1154లో ఇద్రీసీ యను పండితుడు దక్షిణమును పైన పెట్టియే లోకపటము వ్రాసెను. మన దివికి మాత్రము కొన ఇంచుమించు ఉత్తరమున, పీట దక్షిణమున నున్నవి గనుక, పటము తిప్పకయే అది చక్కని డెల్టా యక్షరము.

పిల్లలు ఇట్లు నవ్వుచుండగా, సముద్రపుటొడ్డున నున్న పల్లెనుండి వచ్చి మన హాస్టలులో నుండు బాలిక యొకతె లేచి బల్లయొద్దకు వచ్చెను. తడిగుడ్డ తీసికొని, నేను గీచిన దక్షిణపురేఖను మెల్లగా తుడిచెను. "అక్కడ గీత ఉండదండి, మాస్టారూ. పోటుకి ఇంతదాకా వస్తది, ఆటుకి అంతదాకా పోతది. మధ్యన బురద, మడచెట్లూను" అనెను. పిమ్మట, "చేటకి అటువైపు అంచు ఉండదు గదండీ" యని, తల వంచుకొని తన చోటికి పోయెను.

తరగతిలో ఎవరును నవ్వలేదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని ఉప్పెన వచ్చినది ఆ తెఱచిన వైపునుండియే. సుమారు 5 మీటర్ల యెత్తున అల లేచి, మైళ్లకొలది లోపలికి వచ్చినది. మృతులు పదివేలకు తక్కువ గాదు. ఆ బాలిక మామ్మ ఆ రాత్రి తాటిచెట్టును కౌగిలించుకొని బ్రతికినదట. ఆ యింటివారు పటములోని గీతను ఎట్లు నమ్ముదురు? నేను ఇన్ని యేండ్లుగా సుద్దముక్కతో ఒక్క ఊపున గీచుచుండిన గీత అది.

అపొస్తలుల కార్యములలో పౌలుగారి యోడ మెలితే ద్వీపము చేరిన భాగము చదువుడు. తెల్లవాఱినప్పుడు నావికులు ఆ దేశమును ఆనవాలు పట్టలేకపోయిరి. ఒడ్డుగల యొక సముద్రపుపాయ మాత్రమే వారికి కనబడెను. ఓడమీదనుండి చూచువానికి ద్వీపము ఆకుగాని కాయగాని కాదు. దిగుటకు చోటున్నదా లేదా యన్నదే ప్రశ్న. దీవిలో కాపురముండు వారికిని అట్లే: మిట్ట యేది, పల్లమేది, గాలి లేచినప్పుడు ఎటు పోవలెను?

ఈ సెలవులలో విద్యార్థులు చేయవలసిన పని యిది. మీ యూరి పటమును చూచి వ్రాయక, మీ తాతనో మామ్మనో కూర్చుండబెట్టి, వారు చెప్పినట్లు వ్రాయుడు. నీరు ఎంతవరకు వచ్చునో, ఏ మిట్ట మునుగదో, తుపాను షెల్టరు ఎచ్చట నున్నదో గుర్తించుడు. కదలని అంచులను నిండుగీతతోను, కదలువానిని చుక్కలతోను చూపుడు. ఏ వస్తువువలె నున్నదో క్రింద వ్రాయుడు. అది మాత్రము మీ యిష్టము.