సిద్ధ విమానం – అతుకులోని రసాయనం

1919 ఆగస్టు 25న లండన్–పారిస్ దైనందిన విమానయానం మన హౌన్స్‌లో హీత్ నుండే ఆరంభమైంది. నేడు హీత్రో చుట్టూ ఉన్న ఆంక్షల మండలంలో అనుమతి లేనిదే బొమ్మ విమానం సైతం ఎగురవేయరాదు. కనుక కొనేముందే క్లబ్బు మైదానాన్ని, పౌర విమానయాన సంస్థ వద్ద నమోదును చూసుకోవాలి.

దాదాపు సిద్ధమైన రేడియో విమానాలలో రెక్కలు, తోక అమర్చడం ప్రధానంగా మన పని. ప్రమాదం ఆ అతుకులోనే పొంచి ఉంటుంది. ఎపాక్సీ జిగురు ఆరి గట్టిపడదు. రెసిన్, హార్డెనర్ అణువులు పరస్పరం బంధించుకొని గట్టిపడతాయి. హార్డెనర్ పెంచితే త్వరగా బిగుస్తుందనుకోవడం భ్రమ. జత దొరకని అణువులు మిగిలి అతుకు బలహీనమవుతుంది. సూచించిన పాళ్ళే కలపాలి. అతికే చోట ప్లాస్టిక్ పొరను, కర్రకు గాటు పడకుండా ఒలవాలి. జిగురు పట్టవలసింది కర్రను. గురుత్వకేంద్రాన్ని సరిచూడనిదే ఎగురవేయరాదు.

పిల్లలు తొందరపెట్టినా ఒక రాత్రి ఆగండి. ఆ ఓర్పే ఆకాశంలో రెక్కను నిలుపుతుంది.