పెద్ద పదవికి పిలుపు వచ్చినపుడు

శంషాబాదు విమానాశ్రయమును దాటి బెంగుళూరు రహదారి వెంబడి దక్షిణముగా సాగి పాల్మాకుల చేరువారికి, గడచిన ఇరువదియైదేండ్లలో ఆ ప్రాంతమున విద్యాసంస్థలు ఎంతగా పెరిగినవో వేఱుగ చెప్పవలసిన పని లేదు. 1999లో కాచారమున వర్ధమాన్ ఇంజనీరింగు కళాశాల వెలసినది. 2008లో విమానాశ్రయము తెఱచుకొన్న పిమ్మట మామిడిపల్లి కడ సింబయాసిస్ వారును, మఱికొంత దూరమున జడ్చర్ల కడ ఎన్.ఎం.ఐ.ఎం.ఎస్. వారును ప్రాంగణములు నెలకొల్పిరి. 2018లో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము చేయగా, 2020లో మహీంద్రా, వోక్సన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్.ఆర్. అను ఐదింటికి అనుమతి లభించినది. విశ్వవిద్యాలయమొకటి పుట్టినదనగా దానికొక వైస్ చాన్సలరు, ఒక రిజిస్ట్రారు, ఒక పరీక్షల నియంత్రణాధికారి, నలుగురైదుగురు డీనులు కావలయును. ప్రకటన చూచి దరఖాస్తు పెట్టుకొనువారిలో తగినవారు ఎల్లప్పుడు దొరకరు గనుక, వెదకి తెచ్చు కన్సల్టెంట్లను యాజమాన్యములు ఆశ్రయించుచున్నవి. అందుచేతనే, సాయంకాలము ప్రయోగశాలలో విద్యార్థుల రికార్డులు దిద్దుకొనుచున్న ప్రొఫెసరుకు తెలియని నంబరు నుండి ఫోను వచ్చుట నేడు వింత కాదు.

ఆ ఫోనులో వినవచ్చు మాట దాదాపు ఒక్క తీరుగనే యుండును: “నమస్తే సార్, ఒక యూనివర్సిటీకి డీన్ కావాలి. పేరు ఇప్పుడే చెప్పలేను. మీకు ఇంట్రస్ట్ ఉందా? లేకపోతే మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?” ఈ మాటలలో మొదటిది మనస్సున నిలిచిపోవును, శ్రద్ధగా వినవలసినది కడపటిది. పిలిచినవాడు ఆ దశలో పేర్లు సేకరించుచున్నాడు. ఆ పేర్లలో కొన్నింటిని ఏఱి, వారితో మాటలాడి, మఱికొన్నింటిని తీసివేసి, మిగిలిన ముగ్గురు నలుగురిని ఎంపిక సంఘము ముందు నిలుపుట అతని పని. అతనికి రుసుము చెల్లించునది సంస్థ; అతని విధేయత గూడ ఆ సంస్థకే. కావున అతడు మీ పక్షమున వాదించు వకీలని తలపరాదు, మిమ్ము మోసగించుటకు వచ్చినవాడని శంకింపనూ రాదు. తమ కృషి ఎవరో గుర్తించిరని సంతోషించుట మానవసహజమే. కాని ఆ సంతోషములో వెంటనే సరేననుటయు, బెట్టు చూపి ఫోను పెట్టివేయుటయు రెండును తొందరపాటులే. పదవి వివరములు వ్రాతపూర్వకముగా పంపుమని కోరి, రెండు దినముల వ్యవధి తీసికొని, అది తమకు తగనిదైనచో తగినవారి పేరొకటి నిజాయితీతో సూచించుట ఉత్తమము. అట్లు సూచించినవారిని కన్సల్టెంట్లు మఱవరు.

ఇక ఆ జాబితాలో పేరు చేరుట ఎట్లు? ఇప్పుడే పిహెచ్.డి. చేయుచున్నవారును, అధ్యాపకవృత్తిలో క్రొత్తగా అడుగిడినవారును ముఖ్యముగా తెలిసికొనవలసినది ఇదియే. పాలనాదక్షత ఏబదియవ యేట హఠాత్తుగా అలవడునది కాదు. విశాఖపట్టణమున పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఎం.బి.ఏ. ముగించి, కాన్సాస్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిన నీలి బెండపూడిగారు 2022 మే నెలలో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షురాలైరి. ఆ పదవి నలంకరించిన మొదటి మహిళ ఆమెయే. అంతకు ముందామె పెక్కేండ్లు మార్కెటింగు బోధించిరి. కొంతకాలము ఒక బ్యాంకులో ఉన్నతోద్యోగము చేసిరి. 2011లో కాన్సాస్ బిజినెస్ స్కూలునకు డీనుగను, 2016లో ఆ విశ్వవిద్యాలయమునకే ప్రోవోస్టుగను (విద్యావ్యవహారముల ప్రధానాధికారిగను), 2018లో లూయివిల్ విశ్వవిద్యాలయమునకు అధ్యక్షురాలుగను పనిచేసిరి. ఒక్కొక్క మెట్టు మీద చేసిన పనియే పై మెట్టునకు పరిచయపత్రమైనది. పూర్వతరమున సూరి భగవంతంగారి జీవితమున గూడ ఇదియే కానవచ్చును: 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాధ్యాపకులుగా చేరి, 1952లో ఉస్మానియాకు వైస్ చాన్సలరై, 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరైరి.

మన కళాశాలలలో పరీక్షల విభాగమనగానే, న్యాక్ పనియనగానే, హాస్టలు వార్డెను బాధ్యతయనగానే ముఖము చాటువేయు యువాధ్యాపకులను పెక్కుమందిని చూచుచున్నాను. ఆ పనులే రేపటి అర్హతలని వారికెవరును చెప్పరైరి. పదునాలుగు పుటల బయోడేటాలో పదమూడు పుటలు పరిశోధనపత్రముల పట్టికయై, మిగిలిన ఒక్క పుటలో ‘పరీక్షల నియంత్రణాధికారి, మూడేండ్లు’ అని ఒక్క పంక్తి మాత్రముండుట కద్దు. ఆ మూడేండ్లలో ఫలితములు ఎన్ని దినములలో వెలువరించిరి, పునర్మూల్యాంకన దరఖాస్తులు తగ్గినవా పెరిగినవా, చేతి క్రింది సిబ్బంది యెందఱు, బడ్జెటు ఎంత అనునవి నాలుగు వాక్యములలో వ్రాసినచో ఎంపిక సంఘము కన్ను మొదట అచ్చటనే నిలుచును. చట్టము కోరు అర్హతలు మాత్రము తప్పనివి. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారము వైస్ చాన్సలరు పదవికి కనీసము పదేండ్లు విశ్వవిద్యాలయ ప్రొఫెసరుగ గాని, పేరున్న పరిశోధన లేక విద్యాపాలన సంస్థలో గాని అనుభవము కావలెను. కళాశాల ప్రిన్సిపాలు పదవికి పిహెచ్.డి.తో పాటు పదునైదేండ్ల బోధన, పరిశోధనానుభవము కావలెను.

సంభాషణ ముందునకు సాగి, కలిసి మాటలాడుదమని కబురు వచ్చెననుకొందము. అమెరికాలో ఇట్టి తొలి ముఖాముఖి విమానాశ్రయము చేరువనున్న హోటలులో జరుపుట చిరకాలముగ నున్న వాడుక. అభ్యర్థి ఉదయము దిగి సాయంకాలమునకు తిరిగి పోవును, అతని రాక ఎవరికిని తెలియదు. శంషాబాదు హోటళ్ళలో అట్టి పిలుపు మీకు వచ్చినను ఆశ్చర్యము లేదు. ఆ గదిలో జీతము, కారు, క్వార్టర్సు గుఱించి అడుగుటకు ముందు అధికారపరిధిని గుఱించి అడుగవలెను. అధ్యాపకులను నియమించునదెవరు? ఎంత మొత్తము వఱకు వైస్ చాన్సలరు సంతకము చెల్లును? యాజమాన్య కుటుంబమునకు చెందినవారు ఏయే స్థానములలో నున్నారు? సిబ్బందికి జీతములు నెలనెలా అందుచున్నవా? ఇంతకు ముందున్నవారు ఎంతకాలముండిరి, ఎందుకు వెడలిరి? ఈ కడపటి ప్రశ్నకు సమాధానము సంస్థవారి నోట విన్న తరువాత, ఆ వెడలినవారిని గూడ కలిసికొని వినుట అవసరము.

పదవి పేరొక్కటే యైనను దాని వెనుకనున్న రక్షణ వేఱువేఱుగ నుండును. భగవంతంగారి తరువాత 1957లో ఉస్మానియాకు వచ్చిన డి.యస్. రెడ్డిగారి వ్యాజ్యము ఇందుకు తార్కాణము. 1964లో వారు మఱల ఐదేండ్లకు నియమితులైరి. 1966లో రాష్ట్రశాసనసభ చట్టమును సవరించి పదవీకాలమును మూడేండ్లకు తగ్గించుటయే గాక, అప్పుడు పదవిలోనున్న వైస్ చాన్సలరు స్థానమున 90 దినములలోపల వేఱొకరిని నియమింపవలెనని, దానితో పాతవారి పదవి ముగియునని క్రొత్త నిబంధన చేర్చినది. హైకోర్టులో ఓడిన రెడ్డిగారు సుప్రీంకోర్టుకు పోగా, ఒక్క వ్యక్తినే ఉద్దేశించిన ఆ నిబంధన రాజ్యాంగము 14వ అధికరణమునకు విరుద్ధమని 1967లో ఆ న్యాయస్థానము కొట్టివేసినది. వారికి కొండంత అండగా నిలిచినది చట్టములో వ్రాయబడిన పదవీకాలము. ప్రైవేటు సంస్థలో మీకు అట్టి అండ నియామకపత్రమును, ఆ విశ్వవిద్యాలయపు నిబంధనావళియును మాత్రమే. నోటి మాటగా చెప్పిన ఐదేండ్లకు ఏ న్యాయస్థానమునను విలువ దొరకుట కష్టము.

ఎంపిక జరిగిన తీరును గూడ అభ్యర్థియే పరిశీలించుకొనవలెను. కేరళలో ఒక సాంకేతిక విశ్వవిద్యాలయపు వైస్ చాన్సలరు నియామకమును 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు రద్దు చేసినది. అన్వేషణ సంఘము కనీసము మూడు పేర్లు సూచింపవలసియుండగా ఒక్క పేరే పంపుట అందుకు ముఖ్యకారణము. దోషము సంఘముదైనను పదవి కోల్పోయినది నియమితులైనవారు.

ఇక రుసుము చెల్లించునది సంస్థయే గనుక, మిమ్ము డబ్బడిగినవాడు కన్సల్టెంటు కాడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయ పదవి ఇప్పింతునని బేరమాడువానితో రెండవ మాట అక్కఱలేదు. ఆ నియామకములకు అన్వేషణ సంఘము, నామముల జాబితా అను క్రమము కలదు. యు.జి.సి. ప్రకటించు నకిలీ విశ్వవిద్యాలయముల పట్టికను ఒకమాఱు చూచుటయు మంచిది.

ఇవన్నియు కుదిరి పోవుటకు నిశ్చయించుకొన్నవారు, ముఖ్యముగా ప్రభుత్వ సంస్థలలో నున్నవారు, నిరభ్యంతర పత్రమునకును లీనునకును ముందుగనే దరఖాస్తు చేసికొనవలెను. లీను మంజూరైన ఉత్తరువు చేతికి రాకముందే రాజీనామా వ్రాసియిచ్చినచో, మూడేండ్ల పదవి ముగిసిన నాడు పాత శాఖకు తిరిగి వచ్చు హక్కు మిగులదు. యాజమాన్యము ఎంత తొందరపెట్టినను చేరు తేదీని ఆ ఉత్తరువు వచ్చిన తరువాతనే నిర్ణయించి, ఆ తేదీని, పదవీకాలమును, తొలగింపు విధానమును నియామకపత్రములో వ్రాయించుకొనిన పిమ్మట సంతకము చేయుడు.